పెద్ద కుక్కలకు టీకాయా, రక్తపరీక్షయా?

చింతపల్లి కొండలలో కుక్క లేని గూడెము అరుదు. కొండవాలు చేలలో చోడి, సామ, రాజ్‌మా పంటలను అడవిపందుల నుండి కాపాడుటకు, మేకలను తోలుకొని అడవికి పోవువారికి తోడుగ నుండుటకు, రాత్రివేళ కోళ్లగూటి యొద్ద కావలి కాయుటకు కుక్కయే ఆధారము. ఎద్దుకు గాలికుంటు టీకా, కోడికి కొక్కెర తెగులు టీకా తప్పక వేయించు రైతు కూడ కుక్క విషయము మరచుట కద్దు. కొనలేదు గనుక దాని వెల మనకు తెలియదు కాబోలు.

ఇటీవల మరొక ప్రశ్న వినవచ్చుచున్నది. పట్టణములో చదువుకొను పిల్లలు సెలవులకు ఇంటికి వచ్చి, "పెద్ద కుక్కకు ఏటేటా టీకా అక్కరలేదట; రక్తము తీసి పరీక్ష చేస్తే లోపల బలము ఉన్నదో లేదో తెలిసిపోతుందట" అని సెల్‌ఫోనులో చూచినది చెప్పుచున్నారు. ఈ మాట పూర్తిగ అబద్ధము కాదు. అందుచేతనే దీనిని జాగ్రత్తగ విచారింపవలసియున్నది. కొన్ని రోగముల విషయములో ఇది నిజము. పిచ్చికుక్క వ్యాధి విషయములో దీనిని నమ్మి టీకా మానినచో మనుష్యుల ప్రాణములకే మోసము వచ్చును.

ప్రతిరక్షకములనగా నేమి?

రోగక్రిమి శరీరములో ప్రవేశించినప్పుడు దానిని పట్టి నిర్వీర్యము చేయుటకు రక్తములో కొన్ని పదార్థములు పుట్టును. వీనిని ప్రతిరక్షకములందురు. టీకామందులో నుండునది చంపబడిన క్రిమి, లేక బలము తగ్గింపబడిన క్రిమి. దానిని చూచి శరీరము నిజమైన రోగమే వచ్చినదని భ్రమించి ప్రతిరక్షకములను తయారుచేసికొనును. రోగము మాత్రము రాదు. కుక్క కాలినరము నుండి కొద్దిగ రక్తము తీసి, అది గడ్డకట్టిన పిదప పైకి తేరిన రసిలో ఈ పదార్థము ఎంత గలదో కొలుచుటయే ప్రతిరక్షక పరీక్ష.

ఈ పరీక్ష దేనిని చూపును, దేనిని చూపదు అను సంగతి రైతుకు సులభముగనే బోధపడును. పంట నూర్చిన తరువాత కళ్లములో ధాన్యపు రాశి యుండును; ఇంట గాదెలో విత్తనము దాచియుండును. రక్తములోని ప్రతిరక్షకములు కళ్లములోని రాశి వంటివి. టీకా వేసిన నాలుగు నుండి ఆరు వారములలో ఆ రాశి పెద్దదగును. నెలలు గడచిన కొలది తరుగును. గాదెలోని విత్తనము వంటిది శరీరమునకు గల జ్ఞాపకము. రోగము మరల తగిలినప్పుడు ఆ విత్తనము నుండియే క్రొత్త పంట వేగముగ పండును. రక్తపరీక్ష కళ్లమును మాత్రమే చూడగలదు, గాదె తలుపు తీయలేదు. కావున రాశి తరిగినంత మాత్రమున కుక్కకు రక్షణ పోయినదని చెప్పుటకు వీలులేదు.

పిల్లల మాట నిజమగు రోగములు

కుక్కపిల్లలను ఎక్కువగ చంపునవి డిస్టెంపర్, పార్వో అను రెండు రోగములు. డిస్టెంపరులో జ్వరము, కండ్లనుండి ముక్కునుండి చీము కారుట, దగ్గు, తుదకు మూర్ఛలు వచ్చును. పార్వోలో వాంతులు, దుర్గంధముతో కూడిన నెత్తుటి విరేచనములు పట్టి రెండు మూడు దినములలోనే పిల్ల చనిపోవచ్చును. వీనితో పాటు కాలేయమును చెరచు అడినోవైరస్ రోగము నొకదానిని చెప్పుదురు. ఈ మూడింటికి బలము తగ్గించిన సజీవ క్రిములతో చేసిన టీకాలు గలవు.

ఈ టీకాలను పెద్ద కుక్కలకు ఏటేటా వేయవలెనను నియమము 1978 ప్రాంతమున అమెరికా పశువైద్యుల సలహాతో స్థిరపడినది. రక్షణ ఎన్నేండ్లు నిలుచునో నాటికి బాగుగ పరిశోధింపబడలేదు. సంవత్సరమున కొకసారి వేసిన క్షేమమని తలచిరి. తరువాత విస్కాన్సిన్ విశ్వవిద్యాలయములో రోనాల్డ్ షుల్జ్ అను శాస్త్రజ్ఞుడు టీకా పొందిన కుక్కలను ఏండ్ల తరబడి పరీక్షించగా, ఏడేండ్ల తరువాత కూడ డిస్టెంపర్, పార్వోల నుండి వానికి రక్షణ యున్నట్లు తేలినది. 2003లో అమెరికాలోని పశువైద్యశాలల సంఘము ఈ టీకాలను మూడేండ్ల కొకసారి వేసిన చాలునని మార్పు చేసినది. చిన్న జంతువుల పశువైద్యుల ప్రపంచ సంఘము కూడ ఈ మూడు రోగముల టీకాలను పెద్ద కుక్కలకు మూడేండ్ల కంటె ముందుగ వేయనవసరము లేదనియు, కావలసినవారు టీకాకు బదులు రక్తపరీక్ష చేయించి నిర్ణయించుకొనవచ్చుననియు చెప్పుచున్నది.

కాబట్టి సెలవులకు వచ్చిన పిల్లలు చెప్పునది ఇంతవరకు సరియైనదే. అయినను మన కొండరైతుకు దీనివలన కలుగు లాభము స్వల్పము. పరీక్ష ఖర్చు సాధారణముగ టీకా ఖర్చును మించును. మూడేండ్ల కొకసారి టీకా వేయించుటయే చౌక.

ఈ పరీక్ష నిజముగ అక్కరకు వచ్చునది పెద్ద కుక్కకంటె కుక్కపిల్లకు. దూడకు జున్నుపాలనుండి తల్లి బలము సంక్రమించునని మనకు తెలియును. కుక్కపిల్లకును అట్లే. అయితే తల్లి ఇచ్చిన ఆ ప్రతిరక్షకములే, తొందరపడి వేసిన టీకాలోని క్రిమిని కూడ అణచివేయును. టీకా వేసినను వేయనట్లే యగును. అందుచేత ఆరు లేక ఎనిమిది వారముల వయస్సున మొదలుపెట్టిన టీకాలను 16 వారములు నిండువరకు కొనసాగింపవలెను. ఆరు నెలల వయస్సున మరొకటి వేయించుట మంచిది. 16 వారముల టీకా పడిన నాలుగు వారముల తరువాత రక్తము పరీక్షించినచో టీకా పట్టినదో లేదో తెలియును. ఖరీదైన జాతికుక్కలను పెంచువారు దీనిని చేయించుట వ్యర్థము కాదు.

కొండలలోని కుక్కలు అడవికి పోవును గనుక డిస్టెంపర్ మన గూడెముతో ఆగదు. 2018లో గుజరాతులోని గిర్ అడవిలో కొద్ది వారములలోనే ఇరువదికి పైగా సింహములు చనిపోయినవి. వానిలో కొన్నింటియందు డిస్టెంపర్ క్రిమి కనబడినది. మన అడవులలో తిరుగు రేచుకుక్కకును, నక్కకును ఈ రోగము తగులును.

ఎలుకల మూత్రము వలన నీటిలో వ్యాపించు లెప్టోస్పైరా రోగము సంగతి వేరు. దాని టీకా ఇచ్చు రక్షణ సంవత్సరము పాటు మాత్రమే. ప్రతిరక్షకములు అంతకు ముందే తరిగిపోవును గనుక పరీక్ష వలన ఏమియు తెలియదు. పల్లపు వరిమళ్లలో తిరుగు కుక్కలకు ఈ టీకాను ఏటేటా వేయింపవలసినదే.

పిచ్చికుక్క వ్యాధి

ఇక అసలు విషయము. రేబిస్ అను పిచ్చికుక్క వ్యాధి లక్షణములు కనబడిన తరువాత మనిషి గాని పశువు గాని బ్రతుకుట దాదాపు లేదు. ప్రపంచములో దీనివలన చనిపోవువారిలో నూటికి 40 మంది 15 ఏండ్ల లోపు పిల్లలు. కుక్కతో ఆడుకొనువారు వారే. కరచినను, గీరినను, తిట్లకు భయపడి ఇంట చెప్పనివారును వారే.

రేబిస్ టీకా పడిన కుక్క రక్తములో ప్రతిరక్షకములను కొలుచుటకు కూడ పరీక్ష కలదు. ఒక మిల్లీలీటరు రసిలో 0.5 అంతర్జాతీయ ప్రమాణము, అంతకు మించి యున్నచో టీకా పట్టినదని నిర్ణయింతురు. కాని ఇది పశువుల ఆసుపత్రిలో అరగంటలో తేలు పరీక్ష కాదు. ప్రయోగశాలలో సజీవమైన రేబిస్ క్రిమిని పెంచి, కుక్క రక్తరసి దానిని అణచునో లేదో చూడవలెను. ఇట్టి ప్రయోగశాలలు దేశములో బహుకొద్ది. బెంగుళూరు పశువైద్య కళాశాలలో ఒకటి గలదు. లంబసింగి ఘాటు దిగి, నర్సీపట్నము దాటి, అంతదూరము మంచుపెట్టెలో రక్తరసిని పంపి, జవాబు వచ్చువరకు కాచుకొనుటకంటె ఒక మిల్లీలీటరు టీకా వేయించుట ఎంత సులభమో చెప్పనవసరము లేదు. పరీక్షలో ఎంత బలము కనబడినను రేబిస్ టీకాకు అది బదులు కాజాలదని పైన చెప్పిన ప్రపంచ సంఘమును అంగీకరించుచున్నది.

కొన్ని దేశములలో రేబిస్ టీకాను కూడ మూడేండ్ల కొకసారియే వేయుచున్నారు గదా అని అడుగవచ్చును. నిజమే, తగిన రీతిగ టీకాలు పడిన కుక్కకు, కొన్ని కంపెనీల టీకామందు మూడేండ్లు రక్షణ నిచ్చును. అక్కడ ప్రతి కుక్కకు యజమాని గలడు, కంచె గలదు, టీకా పుస్తకము గలదు. మన గూడెములో కుక్క ఎవరిదని అడిగినచో "అందరిదీ" అందురు. దానికి పోయిన ఏడు సూది పడినదో లేదో ఎవరికిని జ్ఞాపకము ఉండదు.

అంతకంటె పెద్ద కారణము మరొకటి యున్నది. దీనిని లెక్కవేసి చూచిన గాని తెలియదు. ఒక గూడెములో 40 కుక్కలున్నవనుకొందము. జూలైలో 30 కుక్కలకు టీకా పడినది. ఊరిలోని కుక్కలలో నూటికి 70 కుక్కలకు టీకా పడియున్నచో రేబిస్ వ్యాపింపజాలదని శాస్త్రజ్ఞుల అంచనా; అనగా 40కి 28 చాలును. ఈ గూడెము క్షేమముగనే యున్నది. ఏడాది గడచెను. ఈలోగా చిఱుతకు చిక్కి కొన్ని, జీపుక్రింద పడి కొన్ని, రోగముచే కొన్ని, మొత్తము 12 కుక్కలు చచ్చినవనుకొందము. అందులో 9 టీకా పడినవి. వాని స్థానమున 12 కుక్కపిల్లలు పెరిగినవి. మరుసటి జూలై నాటికి 40 కుక్కలలో టీకా పడినవి 21 మాత్రమే. ఆ 21 కుక్కల రక్తమును బెంగుళూరు పంపినను అన్నిటికిని మంచి బలమున్నదనియే జవాబు రావచ్చును. జవాబు నిజమే. గూడెము మాత్రము పిచ్చికుక్కకు తలుపు తెరచియున్నది.

రక్తపరీక్ష ముసలికుక్క బలమును కొలుచును. ఆపద అంతయు నిరుడు లేని పిల్లలో ఉన్నది. ఏటేటా శిబిరము పెట్టుటకు కారణము టీకామందు బలహీనమగుట కాదు, కుక్కలు మారిపోవుటయే. శిబిరమునకు వచ్చిన కుక్కలలో నిరుటి టీకా దేనికి పడెనో విడదీయుటకు వీలులేదు గనుక అన్నిటికిని వేయుదురు. ఉన్న బలము మీద మరొక టీకా పడినందువలన నష్టము లేదు.

పరీక్ష ఎవరికి కావలెను?

కుక్కను ఐరోపా దేశములకు తీసికొనిపోవువారికి ఈ పరీక్ష తప్పదు. టీకా వేసిన 30 దినములకు తక్కువ గాకుండ రక్తము తీసి పరీక్షించి, 0.5 ప్రమాణము ఉన్నదని పత్రము పొంది, రక్తము తీసిన నాటినుండి మూడు నెలలు ఆగిన పిదపనే కుక్కకు ప్రవేశము. ఇది చింతపల్లిలో ఎవరికి అవసరమగునో తెలియదు. ముందుగనే టీకాలు పొంది కుక్కలను పట్టుచు, రేబిస్ పశువులకు చికిత్స చేయు పశువైద్యులు, సిబ్బంది తమ రక్తమును అప్పుడప్పుడు పరీక్షింపించుకొనుట మాత్రము ఎంతయు తగును.

టీకామందును పరీక్షించుటకు కూడ ఇది ఉపకరించును. రేబిస్ టీకాను 2 నుండి 8 డిగ్రీల చల్లదనములో ఉంచవలెనని నియమము. కరెంటు నిలువని కొండ గ్రామములకు ఇది పెద్ద చిక్కు. టాంజానియా దేశములో శాస్త్రజ్ఞులు ఒక కంపెనీ టీకాను 25 డిగ్రీల వేడిలో ఆరు నెలలు, 30 డిగ్రీలలో మూడు నెలలు ఉంచి, తరువాత కుక్కలకు వేసి రక్తము పరీక్షించిరి. చల్లగ ఉంచిన టీకాతో సమానముగనే ప్రతిరక్షకములు పుట్టినవని 2016లో ప్రకటించిరి. అది ఆ ఒక్క మందును గూర్చిన ఫలితము. దానిని చూచి మనము టీకా సీసాను చొక్కాజేబులో వేసికొని కొండ ఎక్కరాదు. అట్లని మంచుగడ్డకు ఆనించియు ఉంచరాదు. గడ్డకట్టిన టీకా చెడిపోవును. లంబసింగి చలిలో ఐసు ఎందుకని పరిహాసమాడువారున్నారు. అక్కడను మధ్యాహ్నమునకు ఎండ వచ్చును.

కరచిన కుక్కకు రక్తపరీక్ష చేయింపవచ్చునా?

ఈ పొరపాటు చాలమంది చేయుదురు. ప్రతిరక్షక పరీక్ష కుక్కకు టీకా పట్టినదా యని చెప్పును గాని, కుక్కకు పిచ్చియున్నదా లేదా యని చెప్పదు. బ్రతికియున్న కుక్కలో రేబిస్‌ను నిశ్చయముగ కనుగొను రక్తపరీక్ష లేదు. చచ్చిన పిదప మెదడును పరీక్షించియే తేల్చెదరు. కావున కరచినప్పుడు ఏ పరీక్ష కొరకును కాచుకొనరాదు. గాయమును వెంటనే సబ్బుతో, ధారగ పడు నీటితో 15 నిమిషములు కడుగవలెను. కారము, సున్నము, పసరు పెట్టరాదు, కట్టు కట్టరాదు. ఆ దినముననే ఆసుపత్రికి పోవలెను. చర్మములో వేయు టీకాను మొదటి దినము, దానినుండి 3, 7, 28వ దినములలో వేయుదురు. నెత్తురు వచ్చిన గాయమునకు చుట్టును ఇమ్యునోగ్లోబ్యులిన్ అను మందును కూడ వేయవలెను. పెద్దవారు చెప్పుకొను బొడ్డుచుట్టు సూదులు గొఱ్ఱె మెదడుతో చేసిన పాత టీకావి. మన దేశములో 2004తో అవి ఆగిపోయినవి. ఆ భయముతో ఇంట నిలిచిపోవలదు.

కరచిన కుక్కకు టీకా పడియున్నను మనిషికి చికిత్స మొదలుపెట్టవలసినదే. కుక్కను కొట్టి చంపక, కట్టివేసి పది దినములు గమనింపవలెను. పది దినములు ఆరోగ్యముగ నున్నచో మిగిలిన సూదుల సంగతి వైద్యుడు నిర్ణయించును. మన కుక్కనే పిచ్చికుక్క కరచినచో, దాని టీకా కాలము చెల్లకున్నను, ఆలస్యము చేయక మరొక టీకా వేయించి కనిపెట్టి యుండవలెను.

పిచ్చి పట్టిన కుక్క ఎల్లప్పుడు పరుగెత్తి కరచుననుకొనరాదు. మూలన పడియుండి, క్రింది దవడ వ్రేలాడి, చొంగ కార్చునదియు ఉండును. ఆవు, ఎద్దు విషయములో ఇది మరింత మోసము. అది బొంగురుగ అరచుచు, మ్రింగలేక చొంగ కార్చును. గొంతులో ఏదో అడ్డుపడినదని రైతు చేయి పెట్టి చూచును. అట్లు చేయక పశువైద్యుని పిలువవలెను. అట్టి పశువు పాలు త్రాగరాదు.

శిబిరమునకు కుక్కను తెచ్చుట

మన రాష్ట్ర పశుసంవర్థక శాఖ ప్రతి సంవత్సరము జూలై 6న ఉచితముగ రేబిస్ టీకాలు వేయుచున్నది. 1885లో అదే దినమున లూయీ పాశ్చర్ పిచ్చికుక్క కరచిన జోసెఫ్ మైస్టర్ అను తొమ్మిదేండ్ల బాలునికి మొదటి టీకా వేయించెను. అయితే జూలై మనకు దుక్కుల కాలము, వానల కాలము. తెల్లవారినంతనే కుక్కలు మనుష్యులవెంట కొండమీదికి పోవును. పది గంటలకు శిబిరము తెరచినచో గూడెములో మిగులునవి ముసలికుక్కలు మాత్రమే. పంచాయతీవారు పశువైద్య సిబ్బందితో ముందుగ మాటాడి, ఉదయము ఏడు గంటల లోపున గాని, సాయంత్రము మందలు తిరిగివచ్చిన పిదప గాని శిబిరము పెట్టించుకొనుట మేలు.

మన కుక్కలకు మెడపట్టెడ అలవాటు లేదు. ముందు నాలుగైదు దినములు గంజి పెట్టునప్పుడు మెడకు మెత్తని త్రాడు వేసి విప్పుచున్నచో శిబిరము నాడు బెదరవు. దినమును తిండి పెట్టువారే పట్టవలెను. మూతికి గుడ్డపీలిక చుట్టి చెవుల వెనుక ముడివేసినచో సూది వేయువానికి భయముండదు.

కుక్కలు ఎక్కువగ చలికాలములో ఈనును. ఆ పిల్లలకు మూడు నెలలు నిండునది ఫిబ్రవరి, మార్చి నెలలలో. జూలై వరకు ఆగక అప్పుడే వానిని చింతపల్లి పశువైద్యశాలకు సంత దినమున బుట్టలో పెట్టుకొని తేవచ్చును. సామూహిక శిబిరములలో మూడు నెలలు నిండని పిల్లలకు కూడ టీకా వేయవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది గనుక, వయస్సు చాలలేదని ఇంట వదలి రానవసరము లేదు. మొదటిసారి టీకా పడినదానికి నెలలోపున మరొకటి వేయించుట మంచిది. పిదప ఏటేటా వేయింపవలెను.

టీకా వేసిన తేది, మందు పేరు వ్రాసిన కార్డును తప్పక అడిగి తీసికొనవలెను. కుక్కకు పేరు లేకున్నచో రంగు, చెవి గుర్తు వ్రాయింపవలెను. కార్డు వానకు తడవకుండ రేషను కార్డుతో పాటు ఒకే సంచిలో పెట్టి దూలమునకు కట్టియుంచుడు.